సాక కల్లు

ఆదివారం, బోనాల రాత్రి, 1999
మాదన్నపేట

పొద్దున నేను బోనం కుండకు పసుపు రాస్తున్న. అత్తమ్మ మా ఆయన చేతికి ముంత ఇచ్చి, "అమ్మవారికి సాక పొయ్యాలె. కల్లు కంపౌండ్‌కు పోయి పట్టుకరా కొడుకా" అన్నది.

కల్లు మానిన కొత్తల ఈయన వణుకుడు ఆపలేక దవాఖానల మంచానికి కట్టేసిన్రు. కంపౌండ్ కల్లుల మత్తుమందు కలుపుతరని డాక్టర్ చెప్తుంటె అత్తమ్మ నా పక్కనే నిలవడి విన్నది. మళ్ల గా కంపౌండ్‌కే తోలుతదా?

"నేను పోయి తెస్త" అన్న.

"ఏటా వాడే తెస్తడు. దేవుని పనికాడ లొల్లి చెయ్యకు."

ఈయన పోయిండు. వచ్చేదాంక నా కండ్లు గల్లీ మలుపుమీదనే. ముంత అంచుదాంక నిండుగ పట్టుకొచ్చిండు. అప్పుడుగాని నా పాణం కుదుటపడలే.

అమ్మవారి ముంగట ఆ కల్లు సాక పోసినంక ముంత అడుగున జరంత మిగిలింది. అత్తమ్మ అది ఈయన కుడిచేతిల తీర్థం లెక్క పోసి, "అమ్మవారి ప్రసాదం, ఏం గాదు తియ్" అన్నది. ఈయన నా దిక్కు చూసిండు. చెయ్యి కండ్లకద్దుకొని, పోయి యాపచెట్టు మొదట్ల పోసిండు. అత్తమ్మ మొఖం మాడ్చుకున్నది. నేను కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చిన.

అన్నం కాడ చెంచా అడిగిండు. ఎన్నడు చెంచాతోని తిన్న మనిషి గాదు. పండుగ బడలికేమో అనుకున్న.

ఇప్పుడు పక్కల ఈయనను చూస్తున్న. కడగని ఆ కుడిచెయ్యి ముక్కుకాడ పెట్టుకొని పండుకున్నడు.