దగ్గే ఆయన మఫ్లర్

అమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఫోను చెయ్యడం లేదని కోప్పడ్డావు. ఫోనులో నీకు వినపడదు, నాకు గొంతు పెంచడం రాదు. కాన్వెంటులో సిస్టర్లు "మెల్లగా, మెల్లగా" అంటూనే పెంచారు కదా, ఇప్పుడు అరవమంటే ఎలా వస్తుంది? ఉత్తరమైతే ఇద్దరికీ సమానం.

నేను బాగున్నాను. గది చిన్నది, కిటికీ పెద్దది. సాయంత్రం బస్సు తీసెయ్యకపోతే ఏటికి ఇవతల గది తీసుకునే పనే ఉండేది కాదు. రోజూ ఇంటికొచ్చి నీ పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. ఆఫీసు ఇక్కడికి దగ్గరే. నీకు మేడ మీంచి కనిపించే ఆ అద్దాల భవనమే. రోజూ పొద్దుగూకాక ఆ దీపాలు చూస్తే ధైర్యంగా ఉంటోందని, అంతమంది మధ్య ఉన్నాను కదా అని రాశావు. చూస్తూ ఉండు.

నాతో పనిచేసేవాళ్ళు ఎలాంటివాళ్ళని అడిగావు. మాది ఎనిమిదో అంతస్తు. కిటికీ పక్కన ఒకావిడ కూర్చుంటుంది. కూతురు వేసిన బొమ్మలన్నీ బల్ల మీద అతికించుకుంది. ఆ పిల్ల గీసే మనుషులకి మెడలుండవు. ఆవిడ ఆఫీసుకి రాగానే చెప్పులు విడిచేసి మెత్తటి జోళ్ళు తొడుక్కుంటుంది. వెనక వరసలో కొత్తగా పెళ్ళయినతను ఉన్నాడు. సగం టీ తాగి మిగతా సగం మరిచిపోతాడు, మీగడ కట్టేస్తుంది. మూల సీట్లో ఒక పెద్దాయన. పొడిదగ్గు. ఎంత మందు వేసుకున్నా తగ్గదు. బల్ల ఊగకుండా బస్సు టిక్కెట్లు మడిచి కాలి కింద పెడుతుంటాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఆయన దగ్గరికి వెళ్తే నాకు మనసు నిమ్మళిస్తుంది.

ఇంటి పన్ను పెంచుతూ కాగితం వచ్చిందన్నావు. కంగారు పడకు, నా జీతంలోంచి కట్టేద్దాం. వీధి దీపాలు ఇంకా వెయ్యలేదని కూడా రాశావు. చీకటి పడ్డాక గుమ్మం దిగకు. ఆ చీకట్లో నాన్నని పోగొట్టుకున్నది చాలు మనకి.

నీ
పిల్లికూన


అమ్మా,

పార్సిలు అందింది. విప్పగానే మన ఇంటి వాసన వచ్చింది. బూడిదరంగు మఫ్లరు, దాని మీద నీ చీటీ: "దగ్గే ఆయనకి. మెడకి రెండు చుట్లు రావాలి. రాకపోతే చెప్పు, ఇంకో జానెడు అల్లుతాను."

అది పట్టుకుని మూల సీటు దగ్గరికి వెళ్ళాను. చాలాసేపు నిలబడ్డాను. చుట్టడానికి మెడ లేదమ్మా. ఆ సీట్లో ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. కిటికీ పక్కన ఆవిడ లేదు, ఆవిడ కూతురు లేదు, మెడల్లేని ఆ బొమ్మలు గీసింది నేను. టీ పోసి మీగడ కట్టేదాకా వదిలేసేది నేను. నా ఉద్యోగం అదే.

నీకు మొదటినుంచీ చెప్పి ఉండాల్సింది. ఈ కంపెనీ వచ్చినప్పుడు ఊరు దానికి స్థలం ఊరికే ఇచ్చింది, పదేళ్ళు పన్ను వద్దంది, కరెంటు సగం ధరకి ఇస్తోంది. బదులుగా వాళ్ళు నాలుగు వందల ఉద్యోగాలు ఇస్తామన్నారు. కింది అంతస్తుల్లో కొద్దిమంది నిజంగానే ఉన్నారు. పై అంతస్తులు నావి. నన్ను తీసుకున్నప్పుడు మేనేజరుగారు అడిగింది ఒక్కటే, నవలలు చదువుతావా అని. సంబరంగా తలూపాను. నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడిగి ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత పైకి తీసుకెళ్ళి కుర్చీలు చూపించారు. ఆయన చెడ్డమనిషిలా ఉండరు, మెత్తగా మాట్లాడతారు. "ఇది అబద్ధం కాదమ్మా, ఆలస్యం అంతే. మనుషులు వస్తారు. వచ్చేదాకా వచ్చినట్టుండాలి" అన్నారు.

మొదట్లో ఇష్టంగానే చేశాను. అది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఒక్కో బల్లకి ఒక్కో మనిషిని ఊహించి, ఆ మనిషికి తగ్గ వస్తువులు పెట్టేదాన్ని. ఒక కుర్చీకి స్వెటరు, ఒక సొరుగులో సగం తిన్న బిస్కెట్ల పొట్లం, ఒకచోట విరిగిన దువ్వెన. పొద్దున్నే కప్పులు మార్చాలి, కుర్చీలు అటూ ఇటూ తిప్పాలి, సాయంత్రం దీపాలన్నీ వేసే ఉంచాలి. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ రోజూ వేళాకోళం ఆడతాడు. "ఏమ్మా, పైవాళ్ళంతా కులాసాయేనా? జీతం అడగరు, సెలవు అడగరు, ఎదురు మాట్లాడరు. అలాంటి కోడలు కావాలంటుంది మా ఆవిడ." నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే వాళ్ళంతా అప్పుడే మాటలాపినట్టు ఉంటుంది. కుర్చీల మధ్య నడుస్తుంటే ఒదిగి నడుస్తున్నాను, ఎవరికో తగులుతానేమోనని. కిటికీ అద్దాల్లో బయట ఏమీ కనిపించదు, లోపలి వెలుగే తిరిగి కొడుతుంది. అందులో నేనూ, నా వెనక వరసలు వరసలుగా కుర్చీలూ. మొన్న మూల సీటు వైపు దగ్గు వినిపించింది. వెనక్కి తిరిగేసరికి అర్థమైంది, దగ్గింది నేనే.

ఆ మూల సీటు బల్ల మీద కళ్ళజోడు ఉంది. నాన్నది. ఇంటికొచ్చినప్పుడు అల్మారాలోంచి తెచ్చాను. ఏదో ఒక వస్తువు కావాలి కదా అనుకుని తెచ్చాను, ఇంకేం ఆలోచించలేదు. తర్వాత టిక్కెట్ల మడతలూ ఆ దగ్గూ వాటంతటవే వచ్చి చేరాయి.

ఈ పన్ను రాని లోటు ఊరు ఎక్కడో పూడ్చుకోవాలి కదమ్మా. మన వీధి దీపాల్లో పూడ్చుకుంది. సాయంత్రం బస్సులో పూడ్చుకుంది. ఇంకా చాలక నీకు పంపిన కాగితంలో పూడ్చుకుంది. నాన్న ఇంటికి నడిచొస్తూ, తవ్వి వదిలేసిన ఆ గోతిలో పడ్డ సాయంత్రం మన వీధిలో ఒక్క దీపం లేదు. ఇక్కడ ఎవరూ లేని ఎనిమిదో అంతస్తు పట్టపగల్లా వెలుగుతోంది. అప్పటికి నేనింకా ఇక్కడ చేరలేదు. ఆ రోజు దీపాలు వేసింది ఇంకెవరో. ఇప్పుడు వేస్తున్నది నేను.

గురువారం ఊరి ఆఫీసునుంచి మనుషుల్ని లెక్క చూసే ఆఫీసరు వస్తున్నాడు. పదేళ్ళూ అయిపోవచ్చాయి, ఆయన సరేనంటే ఇంకో పదేళ్ళు పొడిగిస్తారట. ఎవరి సంగతి అడిగినా "భోజనానికి వెళ్ళారు" అని చెప్పమన్నారు. చెప్పకపోతే ఈ ఉద్యోగం ఉండదు, ఇంటి పన్ను ఎలా కడతామో తెలీదు. చెప్తే, ఆ కళ్ళజోడు ముందు నిలబడి చెప్పాలి. ఏం చెయ్యాలో తోచడం లేదు. మఫ్లరు ఆయన కుర్చీకే వేశాను. ఇంకెక్కడ పెట్టను?

నీ
పిల్లికూన


అమ్మా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మరిచిపోతానని కాదు, మరిచిపోవాలనిపిస్తుందేమోనని.

ఆఫీసరు వచ్చాడు. అలిసిపోయిన మనిషి, బూటు మడమ అరిగి ఒకవైపు ఒరిగిపోయింది. పక్కన మేనేజరుగారు. వరసల మధ్య నడుస్తూ కుర్చీలు చూసి టిక్కు పెట్టుకుంటూ వెళ్ళాడు. కప్పుల్లోకి చూశాడు, బొమ్మలు చూసి కాస్త నవ్వాడు. "మంచి వెలుతురండీ ఇక్కడ. మా వీధిలో దీపాలు ఆర్పేసి ఏడాది దాటింది" అన్నాడు, ఎవరినీ తప్పు పట్టకుండా, ఎండ బాగా కాస్తోంది అన్నట్టు. ఎవరి గురించీ అడగలేదు. మూల సీటు దగ్గర మాత్రం ఆగాడు. మఫ్లరు వేళ్ళతో తడిమి చూశాడు.

"చేత్తో అల్లింది. ఈయనేడీ?"

భోజనానికి వెళ్ళారు అనాలి. నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"చనిపోయారండీ."

నా గొంతు నాకే వినిపించింది, అంత నిశ్శబ్దంగా ఉంది ఆ అంతస్తు. ఎప్పుడని అడిగాడు. మా వీధిలో దీపాలు తీసేశాక, అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. అర్థమైందమ్మా ఆయనకి. అంతా అర్థమైంది. ఆ చూపు కిందికి వాలి కాగితం మీదికి వెళ్ళడం కూడా నేను చూశాను. "అయితే ఒకరిని తగ్గించనా?" అని మేనేజరుగారిని అడిగాడు.

"అక్కర్లేదండీ. ఆయన స్థానంలో ఈ అమ్మాయిని వేసుకున్నాం" అన్నారు మేనేజరుగారు. నా వైపు తిరిగి, ఎప్పటిలాగే మెత్తగా, "కూర్చోమ్మా" అన్నారు.

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలీదు. ఎవరైనా కూర్చోమంటే కూర్చోవడమే నాకు తెలుసు. కుర్చీ చల్లగా ఉంది, మఫ్లరు వీపుకి తగిలింది. బల్ల ఊగలేదు, టిక్కెట్లు బాగా పనిచేస్తున్నాయి. ఆఫీసరు టిక్కు పెట్టుకుని లిఫ్టు ఎక్కేశాడు.

నేను నిజమే చెప్పానమ్మా. దాన్ని కూడా లెక్కలో కలిపేసుకున్నారు. ఇప్పుడు ఆ అంతస్తులో నేనూ ఒక లేని మనిషిని.

నీ
పిల్లికూన


నా పిల్లికూనకి,

రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. వరసగా చదివాను, మళ్ళీ చదివాను. నాకు నీలా రాయడం రాదు. ఉన్నమాట రాస్తాను.

అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసే. నువ్వు చేరిన మొదటి నెలలోనే తెలుసు. చెవులు పోయాయి గానీ నావి కాజాలు కుట్టే కళ్ళు. రోజూ నాన్న టార్చి పట్టుకుని మేడెక్కుతాను, మెట్లు చీకటి కదా. కూర్చుని ఆ అద్దాల వంక చూస్తాను. అంత వెలుగులో, అన్ని కిటికీల్లో, ఒక్కటంటే ఒక్క నీడ. ఈ చివరినుంచి ఆ చివరికి ఒదిగి ఒదిగి నడుస్తుంది. నా కూతురి నడక నాకు తెలీదా? నువ్వు అంతమంది ఉన్నారని రాస్తే నేనూ ఉన్నారనే రాశాను. నాకోసం కుట్టిన అబద్ధాన్ని నేనెందుకు విప్పాలి అనుకున్నాను.

మఫ్లరు దగ్గే ఆయన కోసం అల్లానని అనుకున్నావా? బల్ల కాలి కింద టిక్కెట్లు పెట్టే మనిషిని నేను గుర్తుపట్టనా? కళ్ళజోడు అల్మారాలో లేనప్పుడే అనుకున్నాను, పిల్ల తీసుకెళ్ళి ఎక్కడో కూర్చోబెట్టుకుందని. ఆయనకనే అల్లాను. అల్లుతుంటే ఎవరికోసమో అల్లుతున్నట్టే ఉంది, బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి. పక్కింటి వదిన ఒకరోజు మేడ మీదికొచ్చి, రోజూ ఏం చూస్తున్నావని అడిగింది. చూపించాను. తర్వాత ఆవిడ బేకరీ ఆయన్ని తీసుకొచ్చింది, ఆయన మందుల షాపు అమ్మాయిని. ఇప్పుడు సాయంత్రమైతే సగం వీధి మన మేడ మీదే. "నాలుగు వందల మందికి ఒక్కటే నీడా? వంతులవారీగా వాడుకుంటున్నారేమో" అంటాడు బేకరీ ఆయన. ముందు నవ్వుకున్నాం. అందరికీ ఇంటి పన్ను కాగితాలు వచ్చాక ఎవరూ నవ్వడం లేదు.

సోమవారం ఊరి ఆఫీసులో ఈ పదేళ్ళ పొడిగింపు మీద సమావేశం. ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చట. మేమంతా వెళ్తున్నాం. కానీ మేడ మీంచి చూశామంటే వాళ్ళు నమ్మరు. లోపలి మనిషి చెప్పాలి. నువ్వు ఒకసారి చెప్పావు, ఒక్కదానివే ఉన్నావు కాబట్టి కలిపేసుకున్నారు. ఈసారి మేమంతా వింటుంటే చెప్పు.

పన్ను సంగతి నాకు వదిలెయ్. ఇన్నేళ్ళూ గడువు దాటకుండా కట్టినవాళ్ళం, ఒక ఏడు ఆలస్యమైతే ఎవరూ ఇల్లు నెత్తిన పెట్టుకుని పోరు.

గొంతు పెంచక్కర్లేదు. నీకు రాదని తెలుసు. నాకెలాగూ వినపడదు. ముందు వరసలో కూర్చుంటాను. నీ పెదాలు కదిలితే చాలు.

అమ్మ


అమ్మా,

నిన్న సాయంత్రం ఎనిమిదో అంతస్తు ఆరిపోవడం నువ్వు చూసే ఉంటావు. అది నేనే. వచ్చేసేముందు ఒక్కో వరసే ఆర్పుకుంటూ మూల సీటు దాకా వచ్చాను. చివరి దీపం ఆర్పడానికి భయం వేసింది. వాళ్ళందరి మధ్యా చీకట్లో ఉండాలి కదా. ఆర్పేశాక చూస్తే భయపడాల్సిందేమీ లేదు. కుర్చీలు కుర్చీల్లాగే ఉన్నాయి.

ఇన్నాళ్ళూ ఆ అద్దంలో నా ముఖమే కనిపించేది. దీపం పోగానే అది పోయి బయట కనిపించింది. ఏరు, అవతల మన వీధి, నల్లగా. ఆ నలుపు మధ్యలో, మేడల ఎత్తున, ఒక చిన్న వెలుగు. కదులుతోంది. నాన్న టార్చి. చేత్తో అడ్డం పెట్టి తీస్తున్నావు కదూ? చూశాను.

కప్పులన్నీ కడిగేశాను. కళ్ళజోడు నా సంచిలో ఉంది. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ ఈసారి వేళాకోళం ఆడలేదు. పైకి చూసి, "వాళ్ళని కూడా ఇంటికి పంపేశారా" అని మాత్రం అన్నాడు. తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మఫ్లరు నేనే చుట్టుకున్నాను. రెండు చుట్లు వచ్చాయి, ఇంకో జానెడు అక్కర్లేదు. సోమవారం చెప్పాల్సిన మొదటి మాట రాసి పెట్టుకున్నాను. ఈ మాటే కదిలిందో లేదో నా పెదాలు చూసి చెప్పు:

ఎనిమిదో అంతస్తులో ఉన్నది నేనొక్కదాన్నే.

నీ
పిల్లికూన