అత్తయ్య కుడికన్ను

ఏమండీ, డ్యూటీ నుంచి రాగానే బట్టలు కూడా మార్చుకోకుండా పార్కుకు వెళ్లండి. అత్తయ్య కొత్త నల్లకళ్లద్దాలు పెట్టుకుని పక్కింటావిడతో షికారు వెళ్లింది. వీధి చివరిదాకా చూశాను, కనబడలేదు.

ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మొన్న అత్తయ్యతోపాటు శుక్లం ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరికి కంట్లో చీము పట్టిందట. థియేటర్ మూసేశారు. ఆ రోజు పనిముట్లు స్టెరిలైజ్ చేసింది నేనే కాబట్టి నన్ను వెంటనే రమ్మన్నారు.

చేతులు సబ్బుతో కడుక్కుని, ఎడమకన్ను మూయించి కుడికన్ను చూడండి. ఎర్రబడినా, రెప్ప వాచినా, నల్లగుడ్డు మీద మబ్బు కమ్మినా ఆ క్షణమే తీసుకొచ్చేయండి. సాయంత్రం దాకా చూద్దామనకండి. ఇది అంత టైమివ్వదు.

నొప్పుందా అంటే "అబ్బే, ఏం లేదురా" అంటుంది. నమ్మకండి. కంటి పరీక్ష రోజున ముందున్నవాళ్లు బోర్డు చదువుతుంటే విని, తన వంతు రాగానే గడగడా అప్పజెప్పిన మనిషి ఆవిడ. మనమేమో నవ్వుకున్నాం.

త్వరగా చేయించమని మీరు ప్రాణం తీస్తేనే మొన్నటి లిస్టులో ఎక్కించాను. ఇప్పుడు అనకూడదు, అయినా అనేశాను.

ఆసుపత్రి వ్యాను హారన్ కొడుతోంది. ఇంకొక్క మాట. పొద్దున చీకట్లోనే చుక్కల మందు వేసి, ఎడమకన్ను మూయించి ఎన్ని వేళ్లని అడిగాను. మూడని ఠక్కున చెప్పింది. నేను నిశ్చింతగా వంటింట్లోకి వెళ్లిపోయాను. చెప్పులేసుకుంటుంటే ఇప్పుడు గుర్తొచ్చింది. నిన్న రెండు పూటలా నేను చూపించిందీ మూడు వేళ్లే.