వనమాల నిలబడ్డ చోటు

గోకుంద,
జూలై

ప్రియమైన సాయలి బాపుకు,

నమస్కారం. ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకండి. ఫోనులో మీరు మాట్లాడతారు, నేను ‘ఆ, ఆ’ అంటాను, ఇంతలో సిగ్నల్ పోతుంది. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వస్తుంది. పైగా మన అమ్మాయి సాయలికి మరాఠీయే గాని తెలుగు చదవడం రాదు. నాందేడ్ కాలేజీ నుంచి సెలవులకు ఇంటికొచ్చినా మన ఉత్తరాలు మనవిగానే ఉంటాయి.

గోకుంద కిన్‌వట్‌ను ఆనుకునే ఉంది. ఎక్కడ ఆ ఊరు అయిపోయి ఇది మొదలవుతుందో నాకింకా తెలియలేదు. బ్యాంకు చిన్నది. నేను, ఒక క్యాషియరు, ప్యూన్ పోశన్న, అంతే. మొదటి రోజు ఒక రైతు వచ్చి, “సాహెబ్ ఎప్పుడస్తడు బాయీ?” అన్నాడు. నేనే మేనేజర్నన్నాను. ఆయన నా వెనకాల గోడను ఒకసారి చూసి, “అయితే రేపస్త” అని వెళ్ళిపోయాడు!

ఉమ్రి బ్రాంచిలో ఇన్నేళ్ళూ పక్కపక్క కౌంటర్లలో కూర్చున్నాం. ఎవరైనా నా మీద గొంతు పెంచితే మీరు లేచి వచ్చేవారు. ఇప్పుడు కూడా ఎవరైనా గట్టిగా మాట్లాడితే తల పక్కకు తిరుగుతుంది. అక్కడ ఇనుప బీరువా ఉంది.

ప్రమోషన్ వద్దనుకుంటే బాగుండేదని రోజుకొకసారి అనిపిస్తోంది. కానీ సాయంత్రం తాళం వేసి బయటికొస్తే ఎదురుగా గుట్టలు. టేకు చెట్లు పూస్తున్నాయి. అడవి నెత్తిన ఎవరో పేలాలు చల్లినట్టుంది. కాసేపు అట్లాగే నిలబడిపోతాను.

ఒక్క ఏడాదే అనుకున్నాం కదా. గడిపేస్తాను.

మీ మాటకు ఎదురుచూస్తూ,
వనమాల

●

ఉమ్రి,
ఆగస్టు

ప్రియమైన వనమాలకు,

నీ ఉత్తరం అందింది. ఏడాది దాకా ఆగే పని లేదు. నాందేడ్ రీజినల్ ఆఫీసులో గంగాధర్‌ను కలిశాను. “దివాలీకి ఉమ్రిల ఒక జాగ ఖాళీ అయితది నందకిషోర్ భావూ. వదినెతోటి ఒక అర్జీ ఇప్పియ్యి, మిగిలింది నేను చూసుకుంట” అన్నాడు. భార్యాభర్తలను ఒకచోట వేసే నియమం ఎలాగూ ఉంది. మేనేజర్ హోదా పోయి మళ్ళీ కౌంటర్‌కు వస్తావు. పోతే పోయింది. ఎవరికి కావాలి ఆ తలనొప్పి?

ఇంకో మాట. పల్లెల చుట్టూ తిరిగే పని పెట్టుకోకు. పోశన్నను పంపు. అటు పైన్‌గంగ నది దాటి పులులు వస్తున్నాయని పేపర్లో పడింది. నువ్వు అసలే పెరట్లో పాము కుబుసం చూసి రెండు రోజులు తలుపు తీయని మనిషివి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. రొట్టె చేయడం నాకింకా రాలేదు, అంచులు పగులుతున్నాయి. పక్కింటి ఇందుబాయి పప్పు పంపిస్తోంది. మన వీధిలో అందరూ “బ్యాంకుల జోడి ఇడిపోయిందా?” అని అడుగుతున్నారు. జవాబు చెప్పీ చెప్పీ విసుగొస్తోంది.

అర్జీ సంతకం పెట్టి వెంటనే పంపు.

నీ క్షేమం కోరే,
నందకిషోర్

●

గోకుంద,
సెప్టెంబరు

ప్రియమైన సాయలి బాపుకు,

జవాబు ఆలస్యమైంది. అర్జీ ఇంకా రాయలేదు. కోప్పడకుండా ముందు ఇది చదవండి.

గుట్ట అవతలి ఊళ్ళో ఆడవాళ్ళ పొదుపు సంఘం ఉంది. బచత్ గట్ అంటారు కదా, అదే. దాని పెద్ద అనుసూయాబాయి ముసలిది. ప్రతిసారీ బ్యాంకుకు నడిచి వచ్చేది. “మా దిక్కు ఎవ్వలు రారు బాయీ. మా ఊరు మీ బ్యాంకు కండ్లకు కనవడదా ఏంది?” అంది ఒకరోజు. నాకు సిగ్గేసింది. వస్తానన్నాను. పోశన్నకు జ్వరం కావడంతో జీపు మాట్లాడుకుని నేనే వెళ్ళాను.

మీటింగు బాగా జరిగింది. తిరిగి బయల్దేరేసరికి పైన వాన పడి వాగు పొంగింది. వాగు అవతల నిలిపి వచ్చిన జీపు అక్కడే ఉండిపోయింది. ఎగువన నీళ్ళు తక్కువగా ఉండే చోటుందని, అక్కడ దాటిస్తామని అనుసూయాబాయి, శివాని నాతో బయల్దేరారు. శివాని ఆ ఊరి కోడలు, చంకలో పాలు తాగే పాప. పత్తి చేను గట్టు మీద ముగ్గురం నడుస్తున్నాం. కప్పలు, పురుగులు, చెవులు గింగురుమనేంత రొద.

ఆ రొద ఒక్కసారిగా ఆగిపోయింది.

చేను చివర, మాకు ఎదురుగా, పెద్దపులి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అది వచ్చినట్టు లేదు, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంది, మేమే దాని వాకిట్లోకి వెళ్ళినట్టుంది. వానకు తడిసిన ఒళ్ళు మెరుస్తోంది. ఊపిరి తీస్తే డొక్కలు పొంగడం కనబడుతోంది. అంత దగ్గర.

శివాని పరుగెత్తబోయింది. అనుసూయాబాయి గుసగుసగా, “ఉరకకుండ్రి బిడ్డా. ఎన్కకు తిరగకుండ్రి. వాఘోబా పోతడు, పోనియ్యుండ్రి” అంది. పులిని ఇక్కడ అట్లా దేవుడి పేరుతోనే పిలుస్తారు.

అది నన్ను చూసింది. ఎట్లా చెప్పను? ఇన్నేళ్ళలో నన్ను ఎందరో చూశారు. కోడలినని, ఫలానా వారి భార్యనని, కౌంటర్లో మనిషినని. ఇది అవేవీ చూడలేదు. నేను ఉన్నానని మాత్రం చూసింది. భయం వేయలేదంటే మీరు నమ్మరు. గర్భగుడిలో తెర తీసినప్పుడు ఒళ్ళు జల్లుమంటుంది చూడండి, అట్లా అయింది. చేతులు జోడించాలనిపించింది గాని కదలలేకపోయాను.

తర్వాత అది తల తిప్పి, ఏ తొందరా లేకుండా, పత్తి కొమ్మ ఒక్కటి విరగకుండా చేను దాటి అడవిలోకి వెళ్ళిపోయింది. కప్పలు మళ్ళీ అందుకున్నాయి. శివాని గట్టు మీద కూలబడి ఏడ్చింది. నేను మాత్రం నవ్వుతున్నానట.

ఇంత లోకం మనకు ఇంత దగ్గర్లో ఉండి, మనం చూడనేలేదా? అప్పటినుంచీ అదే ఆలోచన. అర్జీ రాయడానికి కూర్చుంటే చేయి సాగడం లేదు.

మీ వనమాల

●

ఉమ్రి,
అక్టోబరు

ప్రియమైన వనకు,

మొన్న చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చానని అడిగావు. ఊరికే అన్నాను. అది అబద్ధం. నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. అర్జీ నేనే రాసి, సంతకం పెట్టించి, సామానుతో సహా నిన్ను తీసుకుపోదామని ముద్‌ఖేడ్‌లో రైలు మారి వచ్చాను.

నువ్వు పల్లెలకు వెళ్ళావన్నారు. బ్యాంకు అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

“నువ్వెవ్వలు బిడ్డా? లోన్ కొరకు అచ్చినవా?”

“గట్లనే అనుకో.”

“అయితే కూసో. మా సాహెబ్ బాయి వస్తది. ఆమె ఎసుంటిదో ఎరుకనా నీకు?” అని మొదలుపెట్టింది. ఆవిడే అనుసూయాబాయి. పులి సంగతి నాకు తెలిసిందే కదా అని సగం చెవితో వింటున్నాను. ఇంతలో ఆవిడ అంది: “పిల్ల ఏడ్వవట్టింది. పులి చెవులు ఇటు తిప్పింది. నాకు కాళ్ళు ఆడుత లెవ్వు. గప్పుడు మా బాయి శివానిని ఎన్కకు జరిపి తాను ముంగటికి పోయి నిలవడ్డది. కొంగు ఇట్ల అడ్డం పట్టింది. పులికి, పిల్లకు నడుమ మా బాయే. ఎవ్వలు నిలవడ్తరు బిడ్డా గట్ల? మొగోళ్ళు నిలవడ్తరా?”

ఈ ముక్క నీ ఉత్తరంలో లేదు వనా.

సాయంత్రం నువ్వు పోశన్న బండి వెనుక కూర్చుని, మోకాళ్ళదాకా బురదతో దిగావు. ఆడవాళ్ళు నీ చుట్టూ మూగారు. నువ్వు గట్టిగా మాట్లాడుతున్నావు, అందరూ వింటున్నారు. నేను దూరంగానే నిలబడిపోయాను. ఇన్నేళ్ళు నా భుజం పక్కన కూర్చున్న మనిషి ఈమేనా? దగ్గరికి రావడానికి నాకు జంకు కలిగింది. భార్య దగ్గరికి! రాత్రి అన్నం పెట్టావు, తిన్నాను. అర్జీ కాగితం సంచిలోంచి తీయలేదు. పొద్దున రైలెక్కాను.

నిన్న నాందేడ్ వెళ్ళి గంగాధర్‌కు చెప్పాను, వనమాలది వద్దు, నన్నే కిన్‌వట్ బ్రాంచికి వేయించమని. అతను నవ్వాడు. “పెండ్లాం ఎంబడి పోతవా భావూ?” “పోతే ఏమైతది?” అన్నాను. జాగా ఉందట.

కానీ అర్జీ ఇంకా ఇవ్వలేదు. ఇంతవరకు మనింట్లో ఏదీ నిన్ను అడిగి చేయలేదు నేను. ఇది అడుగుతున్నాను. రావచ్చునా?

నందకిషోర్

●

గోకుంద,
అక్టోబరు

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయలేకపోయాను.

నేను దాచలేదు. నాకు తెలియదు. నిలబడి చూశాననే గుర్తుంది. ముందుకు నడిచిన జ్ఞాపకమే లేదు. అనుసూయాబాయి పెంచి చెప్పిందేమోనని, పనులన్నీ వదిలి ఆ ఊరికి వెళ్ళి శివానిని అడిగాను. ఆ పిల్ల నా చేయి పట్టుకుని పత్తి చేను గట్టు మీదికి తీసుకుపోయింది. “నేను ఈడ ఉంటి బాయీ. మీరు నన్ను దాటి ఆడిదాక పోయిండ్రు” అని చూపించింది. వెళ్ళి అక్కడ నిలబడ్డాను. పులి నిలబడ్డ చోటు ఎంత దగ్గరో అప్పుడు తెలిసింది. గట్టు మీదే కూర్చుండిపోయాను.

పులిని చూసి ఆశ్చర్యపోయానని రాశాను కదా. ఇప్పుడు నా కాళ్ళను చూసుకుంటే అంతకన్నా ఆశ్చర్యంగా ఉంది. నన్ను అడగకుండానే ముందుకు వెళ్ళిన ఈ మనిషి ఇన్నేళ్ళు నాలో ఎక్కడుందండీ? మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం కలిసి చూద్దాం.

రండి. నన్ను కాయడానికి మాత్రం రాకండి, ఉండడానికి రండి. శివాని పాప ఇప్పుడు పాకుతోంది, మట్టి తింటోంది. నేను గట్టు మీద కూర్చుండిపోయినప్పుడు నా కొంగు పట్టుకుని లేచి నిలబడింది.

మీ
వనమాల