తెల్ల బేసిన్‌లో టమాటా మొక్క

మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు, వాటి వెనకాలే ఒక దిద్దుబాటు. మొన్న ఫోన్లో నీ మొక్కలు ఎదగడం మానేశాయన్నావు. తప్పు. పైకి ఎదగడం మానేశాయి. ముప్పయ్యేళ్ళు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. ఈ తేడా తెలియని పిల్లకి పాస్ మార్కులు కూడా వేసేదాన్ని కాదు. ఫోన్లో అయితే మాటకి అడ్డొస్తావని ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను.

భాస్వరం లేని మట్టిలో పెట్టిన టమాటా మొక్కలు జానెడు కూడా లేవలేదని, ఏడాది కష్టం మట్టిపాలైందని, శుక్రవారం ట్రేలన్నీ పారబోసి చదువు వదిలేసి వచ్చేస్తానని ఏడ్చావు. ఓదార్చడం నాకు చేతకాదు. నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక, పోయినసారి నువ్వు నా కిటికీలో వదిలి వెళ్ళిన కుండీకేసి చూశాను. అదీ ఆ పేదమట్టిదే. నాలుగాకులు, అవీ ఊదారంగు తిరిగి, మూతి ముడుచుకున్న అత్తగారిలా ఉంది.

ఇవాళ దాన్ని తెల్ల బేసిన్‌లో దించి, నీళ్ళు పోసి, మెల్లగా కదిలించాం. మట్టి మబ్బులా లేచి అడుగుకి దిగింది. ఆ తర్వాత, పిచ్చుకా, చాలాసేపు నేను ఈ గదిలో లేను. తల్లివేరు పొట్టిగా ఆగిపోయింది గానీ పక్కవేళ్ళు ఎంత దూరం పాకాయో. వాటి మీద నూగు, పసిపిల్ల చెంప మీద ఉండేలాంటిది, నీళ్ళు ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది. నేనే చీమంతై ఆ తెల్లటి సందుల్లో తిరుగుతూ ఎవరి గుమ్మమో వెతుక్కుంటున్నట్టు అనిపించింది.

నీకు తెలిసిందే అయినా టీచరు నోరు ఊరుకోదు. తిండి కరువైందని తెలియగానే ఆక్సిన్ అనే హార్మోను వేళ్ళని పక్కలకి పాకమంటుంది, నూగు పెంచమంటుంది. స్ట్రిగోలాక్టోన్ అనే ఇంకో హార్మోను పైన కొమ్మల్ని ఇప్పుడు కాదు ఆగమంటుంది. అక్కడితో ఊరుకోదు, వేళ్ళలోంచి మట్టిలోకి ఊరి, చుట్టుపక్కల శిలీంధ్రాన్ని పిలుస్తుంది. అది వచ్చి, వేరుకి అందని భాస్వరం తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. సిగ్గుపడే మొక్క బతకదు.

నువ్వేమో ఏడాదిగా స్కేలు పట్టుకుని కాండాలే కొలిచావు. మీ అమ్మ నిన్ను తలుపుకి ఆనించి గీతలు గీసేది, ఆ బుద్ధులెక్కడికి పోతాయి. ఒక్క వేరు కడిగి చూశావా? అర్థం కావట్లేదని గైడ్‌గారిని అడిగావా? అడిగితే చులకనైపోతానని మీ అమ్మతో అన్నావట. మన ఇంటి ఆడవాళ్ళందరికీ ఉన్న జబ్బే.

ట్రేలు పారబోయకు. ఆయన గది తలుపు తట్టు. ఇద్దరూ కలిసి కడిగి చూడండి. చూశాక కూడా వదిలేయాలనిపిస్తే వచ్చెయ్యి. అన్నం పెడతాను, సలహాలు చెప్పను, ఒకటో రెండో తప్ప.

ఎప్పటికీ మార్కుల దగ్గర పిసినారి,
మీ అమ్మమ్మ

తా.క. ఈ గుండ్రటి దస్తూరీ చూసి నీకు అనుమానం రాలేదూ? నెలలుగా నా చేతులు కుండీ కాదు కదా, కలం కూడా పట్టడం లేదు. చులకనైపోతానని మీ అమ్మకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఇవాళ గోడ తట్టి పక్కవాటా దర్జీ ఆవిడని పిలిచాను. మీరు పిలుస్తారనుకోలేదండీ అంది. నేనూ అనుకోలేదన్నాను. కుండీ ఎత్తింది ఆవిడ, కడిగింది ఆవిడ, నేను చెబుతుంటే ఇది రాసింది ఆవిడ. నేను కూర్చుని తప్పులు పట్టాను. చక్కెర బదులు నా దగ్గరున్నవి కబుర్లే, పుచ్చుకుంటోంది. నువ్వెప్పుడొచ్చినా ఆవిడ మిషనుకి నాలుగు బాబిన్లు కొనుక్కురా. ఇనపవే, ప్లాస్టిక్‌వి వద్దంటోంది. పాతది ఒకటి కవరులో పెట్టాం, కొట్లో చూపించి సరిగ్గా అదే సైజు తీసుకో.