పాలకీడు దాకా దారి

శనివారం, సూర్యాపేట

మోకాలి ఆపరేషన్ అయినకాడి నుంచి అత్తమ్మ ఇల్లు కదలలే. నేను తయారుచేస్తున్న ఓపెన్ వరల్డ్ ఫోన్ గేమ్ ఇయ్యాల ఆమె చేతికిచ్చిన. అందులో మిర్యాలగూడ నుంచి సాగర్ కాలువ గట్టు పట్టుకొని ఎటైనా నడవొచ్చు. ఆటలో ఇచ్చిన దొంగలను పట్టే పని ఆమె ముట్టనే లేదు. పొలాలు సూసుకుంట పోయింది. ఒకచోట ఆటలో నడిచే బొమ్మ ఆగింది.

"ఇగ ముందుకు పోతలేదేంది బిడ్డా?"

"అక్కడిదాకనే చేసిన అత్తమ్మా."

"మా ఊరు పాలకీడు ఇంకా ముందట ఉంటది గదా."

గేమ్ బరువుకు ఫోన్ వేడెక్కుతున్నదని, అందులోని ఖాళీ పొలాలు ఇంకా తీసేద్దామని నాతో పనిచేసే సునీత నిన్న అంటే సరేనన్న. ఇప్పుడు ఫోన్ చేసి వద్దన్న.

"మరి వేడి సంగతి?" అన్నది. అది తర్వాత సూద్దామన్న.

పాలకీడు దారిలో ఏమేముంటయో అత్తమ్మను అడిగిన. పొద్దుగూకేదాకా ఒక్కొక్కటే చెప్పుకుంట పోయింది. నేను కోడలుగా ఈ ఇంటికొచ్చినంక ఆమె నాతోని గంతసేపు మాట్లాడుడు ఇదే మొదలు.