మడమ నొప్పి

ప్రత్తిపాడు,
ఆదివారం మధ్యాహ్నం.

అత్తమ్మకి,

మీ కోడలు లిడియా వందనాలు. ఫోన్ చేస్తే మీరు స్పీకర్ పెట్టి, అరుగు మీదున్న వాళ్ళందరికీ వినపడేట్టు మాట్లాడతారు. ఈ సంగతి అలా చెప్పేది కాదు. అందుకని ఉత్తరం రాసి పోస్టులో వేస్తున్నాను. బైబిలు చదువుకున్నట్టు నిదానంగా, తలుపేసుకుని చదవండి.

ఆ రోజు స్త్రీల సమాజం కూడిక మనింట్లో పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక నేను వంటింట్లో టీ పోస్తున్నాను. మీరు బీరువాలోంచి కాలికి పెట్టుకునే నా మిషను తీసుకొచ్చి, "మా కోడలు మడమ నొప్పికి ఈ కరెంటు పట్టీలు అంటించుకుంటది. నా నడుముక్కూడా పెట్టించుకుంటా" అని వాళ్ళకి చూపిస్తున్నారు. నేను వచ్చి మీ చేతిలోంచి లాక్కున్నాను. "శుభ్రం లేని చేతులతో నా వస్తువులు ముట్టుకోవద్దు" అన్నాను. పాస్టరమ్మగారు తల దించుకున్నారు. మీరు మర్నాడు మేం లేచేసరికే సంచి సర్దుకుని కూర్చున్నారు. "కోతలు మొదలైనయ్యి, పోతా" అన్నారు. మిరప కోతలకి ఇంకా టైముందని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

శుభ్రం లేదనే మాట మీరు ఎవరెవరి వాకిళ్ళలో నిలబడి విన్నారో నా పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు. నేనూ అలాంటి పేటలోనే పుట్టాను, ఆ మాట మా అమ్మా పడింది. తెలిసి తెలిసి అదే మాట ఏరుకుని మీ మీద వేశాను. అప్పటినుంచి బళ్ళో పిల్లలకి పాఠం చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా ఉంటోంది.

అత్తమ్మా, నాకు మడమ నొప్పి లేదు. ఎప్పుడూ లేదు.

మహిమ పుట్టాక నాకు ఒంటేలు ఆగడం లేదు. వస్తోందని అనిపించాక బాత్రూంకి పరిగెత్తేలోపే అయిపోతుంది. కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోకపోగా ఎక్కువైంది. గుడిలో పాస్టరుగారు వాక్యం చెబుతుంటే మధ్యలో లేచిపోతున్నానని మీరు కోప్పడేవారు. పెళ్ళిళ్ళకి రానంటే టీచరుద్యోగం తలకెక్కిందన్నారు. బస్సెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్ళు తాగడం మానేసేదాన్ని. ఆయన్ని కూడా దగ్గరికి రానివ్వడం తగ్గించేశాను. అలసటగా ఉందని ఒకసారి, తలనొప్పని ఒకసారి చెప్పేదాన్ని. పాపం ఆయన ఏమనుకున్నాడో, అడగడమే మానేశాడు.

పోయిన యేడు ఒకరోజు ఎనిమిదో తరగతిలో పద్యం చెబుతుండగా నిలబడినచోటే అయిపోయింది. చీర తడిసిపోయింది. పిల్లలు చూసేలోపు బల్ల మీదున్న నీళ్ళ సీసా తీసి నా మీద ఒంపుకున్నాను, చెయ్యి జారినట్టు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత స్టాఫ్ రూం వెనక్కి పోయి గోడకి తల ఆనించి ఏడ్చాను.

ఆ వారమే ఆఫీసు పనుందని ఇంట్లో చెప్పి గుంటూరులో ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ పరీక్షలు చేయించి, టీలు తగ్గించమని, కొన్ని వ్యాయామాలు చెప్పి, ఈ మిషను రాసింది. చీలమండ లోపలి ఎముక వెనకాల ఒక పట్టీ, దానికి కాస్త పైన ఇంకో పట్టీ. "కాలికి పెడితే అక్కడెలా తగ్గుతుందండీ?" అని అడిగాను. అక్కడ పోయే నరానికీ మూత్రసంచికీ సంబంధం ఉందట. స్విచ్చి తిప్పితే చీమలు పాకినట్టుంటుంది. బొటనవేలు దానంతటదే అదురుతుంది. నొప్పేం ఉండదు. పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటాను. వెంటనే ఏమీ తేడా తెలియలేదు, డబ్బు దండగనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఒక పీరియడ్ మొత్తం కదలకుండా పాఠం చెప్పగలుగుతున్నాను. పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది.

పట్టీలు కాలికి కాబట్టి మడమ నొప్పని చెప్పడం తేలికైపోయింది. ఆ అబద్ధాన్ని ఆయన నమ్మి నాకు మెత్తగా ఉండే ఎంసీఆర్ చెప్పులు కొనుక్కొచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో రోజంతా మిరప బస్తాల లెక్క చూసి, ఘాటుకి దగ్గుతూ ఇంటికొచ్చి, నా కాలు ఒళ్ళో పెట్టుకుని మడమకి మందు రాస్తాడు. "ఇక్కడేనా, ఇంకాస్త కిందనా?" అని అడుగుతాడు. నేను ఏదో ఒకచోటు చూపిస్తాను. అప్పుడు నా మీద నాకు కలిగే ఏవగింపు మీకు చెప్పలేను.

ఆ రోజు మీరు మిషను చూపిస్తున్నప్పుడు పెట్టెలోని కాగితం పాస్టరమ్మగారి చేతిలో ఉంది. దేనికి వాడాలో బొమ్మలతో సహా అందులో ఉంటుంది. ఆవిడ అప్పుడే మడత విప్పుతున్నారు. ఆవిడ చూపు దాని మీంచి తిప్పాలని ఆ మాట అనేశాను. నా పరువు కాపాడుకోడానికి మీ పరువు తీశాను. జరిగింది అంతే.

మీరు తిట్టినా పడతాను. మళ్ళీ రానన్నా అర్థం చేసుకుంటాను. శుభ్రం లేనిది మీ చేతులు కాదని మాత్రం మీకు తెలియాలి.

మీ కోడలు,
లిడియా


అమ్మాయ్ లిడియా,

నీ ఉత్తరం అందింది. నా రాత కోడిగీతలు. చర్చి బళ్ళో నేర్చుకున్న నాలుగు అక్షరాలు. నువ్వు టీచరమ్మవి, తప్పులు దిద్దకుండా చదువు.

శుభ్రం లేదని నువ్వన్నప్పుడు నేను నీ మిషను గురించి అనుకోలా. పాస్టరమ్మ చేతిలో కాయితం నేను చూడనే లేదు. నీకు తెలిసిపోయిందనుకున్నా. అందుకే సంచి సర్దుకున్నా.

ఏం తెలిసిపోయిందో చెబుతా విను. ఆ వారంలో ఒకరోజు మహిమ పక్క తడిపిందని చెప్పి పొద్దున్నే బొంత తీసి ఆరేశాను, గుర్తుందా. నువ్వు దాన్ని పట్టుకుని, ఇంత పెద్ద పిల్లవయ్యి సిగ్గులేదా అని తిట్టావు. తడిపింది అది కాదు. నేను. పిల్ల నా పక్కన పడుకుంది కాబట్టి దాని మీద పెట్టాను. అది కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నా వంక చూసింది. దానికి తెలుసు. అయినా నాయనమ్మే అని చెప్పలా. పసిబిడ్డ నోరు మూసుకుని నిలబడితే, ఇంత వయసొచ్చి నేనూ నోరు మూసుకునే ఉన్నా. ఆమాట తలుచుకుంటే నాకు ముద్ద దిగట్లా.

నాకు ఎప్పటినుంచో ఉంది. నా కడుపున మార్కు పుట్టినాక బాలింత రోజులు తీరకుండానే పనిలోకి పోయా. పత్తి చేలో అయితే చాటు ఉంటది. మిరప చేలో ఏం ఉంటది, నడుముకి కూడా రాదు. పైగా చేతులకి కాయ ఘాటు. అట్టాగే బిగబట్టుకుని సాయంత్రం దాకా కోసేవాళ్ళం. నీళ్ళు తాగేవాళ్ళం కాదు. మీ మావయ్య పోయిందాకా ఆయనకీ చెప్పలా. ఇది ఆడదాని రాతనుకున్నా. దీనికి డాక్టరుంటదని, మందుంటదని నాకెవరూ చెప్పలా. గుడిలో గుమ్మం పక్కనే కూర్చునేది గాలి కోసమని అందరితో అంటా. గాలి కోసం కాదు.

నువ్వు వాక్యం మధ్యలో లేచిపోతుంటే నేను కోప్పడ్డా చూడు, నేను లేవాల్సొచ్చినప్పుడల్లా నువ్వు ముందు లేచేదానివి. ఇద్దరం ఒకేసారి పోతే జనం ఏమనుకుంటారోనని నా భయం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తంది, ఏడుపూ వస్తంది.

ఆమాట నువ్వన్నది తప్పే. గుచ్చుకుంది. గుచ్చుకోలేదని నేను చెప్పను. కానీ ఒకేరకం బాధ ఇద్దరం చెరో గదిలో దాచుకుని, ఒకరిని చూసి ఒకరం భయపడ్డాం. ఇంక అది చాలు.

నీ మిషను నాకు పెట్టమని అడగను. ముందు ఆ డాక్టరమ్మకి చూపించు. నాకు పనికొచ్చుద్దో లేదో ఆవిడ చెప్పాలి. నా గుండెకి మాత్రలు వాడతన్నా, ఆ సంగతి కూడా నువ్వే చెప్పు, నాకు చెప్పటం రాదు. మార్కుతో నువ్వే మాట్లాడు. వాడు మంచోడు. నువ్వు దూరం పెడతంటే నా పెళ్ళానికి నేనంటే ఇష్టం పోయిందేమోనని వాడు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెబుతున్నా. ఈ పూటే మాట్లాడు. నా సంగతి కూడా చెప్పు, పర్లేదు. కన్నకొడుకేగా.

మహిమకి మటుకు నువ్వు చెప్పొద్దు. దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని నేనే చెప్పుకోవాలి.

గురువారం పొద్దున బస్సుకి వస్తా. ఈసారి దారిలో నీళ్ళు తాగుతానే వస్తా, డాక్టరమ్మ దగ్గర నీరసంగా ఉండకూడదు. అందుకని నువ్వు బస్టాండు గేటు దగ్గర నిలబడొద్దు. బాత్రూం ఎటు పక్కో ముందే చూసిపెట్టి, దాని ముందర నిలబడు. దిగంగానే అక్కడికే వస్తా.

మీ అత్త,
సువార్తమ్మ