మొదటి సాక్షి

ప్రొద్దుటూరు,
సోమవారం.

ప్రియమైన అమ్మకు,

ఫోన్ చేస్తే పక్కన పెదనాన్న ఉంటాడు, నువ్వు ఊఁ, ఆఁ తప్ప మాట్లాడవు. అందుకే ఉత్తరం రాసి కండక్టర్ అలీ అహ్మద్ అన్న చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయన బస్సుకే ఇవ్వు.

చెన్నకేశవులు సార్ పోయి పన్నెండు రోజులైంది. ఆఫీసులో అడుగుపెట్టగానే ఇంకా ఆయన కుర్చీకి గుడ్ మార్నింగ్ చెబుతున్నాను. నలభై ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించి, ఆ సంపాదనతో జమ్మలమడుగులో హాస్టల్ పెట్టి, నాలాంటి ఆడపిల్లలను మూడువందల మందిని చదివించిన మనిషి. శనివారం పదకొండు గంటలకు కోర్టు హాల్లో సంతాప సభ. జడ్జి గారు కూడా వస్తారు. హాస్టల్ పిల్లల తరఫున నన్ను మాట్లాడమన్నారు. అయిదు నిమిషాల మాటకు అయిదు రోజులుగా నాకు కుదురు లేదు. రాసింది చింపేస్తున్నాను, చింపింది మళ్లీ ఏరుకుంటున్నాను.

నాకొక్కటి చెప్పు. నాన్నను చంపినప్పుడు నాకు నాలుగేళ్లు. ఆరో ఏట హాస్టల్లో చేర్చావు. సార్ మొదటిసారి మన ఇంటికి వచ్చినప్పుడు ఏమన్నాడు? ఆయన్ను ఎన్నిసార్లడిగినా, "మీ అమ్మనే అడుగు పాపా, అది నేను చెప్పేది కాదు" అనేవాడు. నా మాట దానితోనే మొదలుపెట్టాలని ఉంది.

గుమాస్తా రహమతుల్లా మామా నేనూ పాత ఫైళ్లు సర్దుతున్నాం. బీరువాల నిండా దుమ్ము. ఒకటే తుమ్ములు.

నీ ముద్దుల
లహరి


సింహాద్రిపురం,
మంగళవారం.

నా తల్లి లహరికి,

అమ్మ దీవెనలు. చీనీకాయలు కోయిస్తున్నాం. మీ పెదనాన్న తోట నుంచి వచ్చేలోపల రాసేయాలి.

సార్ ఏమన్నాడో గుర్తు లేదు. ఇరవై ఏళ్లు దాటిన మాట. సభలో నువ్వు మాట్లాడొద్దు. మూడువందల మందిలో ఇంకెవరూ లేరా? గొంతు బాగాలేదని చెప్పు. ఫైళ్లు సర్దడం కూడా నీకెందుకు? నువ్వు లాయరువి, గుమాస్తావి కాదు. చెనిక్కాయల పొడి పంపుతున్నాను. వేళకు తిను.

అమ్మ


ప్రొద్దుటూరు,
బుధవారం.

అమ్మకు,

ఫైలు దొరికింది. అట్ట మీద చనిపోయిన మనిషి పేరు ఆదినారాయణ. మా నాన్న. ముద్దాయిలు అయిదుగురు, మొదటివాడు గొర్రెల మద్దిలేటి. మొదటి సాక్షి రామేశ్వరమ్మ, అంటే నువ్వు. ముద్దాయిల తరఫు లాయరు చెన్నకేశవులు. అయిదుగురినీ విడిచిపెట్టారు.

నాన్నను చంపినవాళ్లను విడిపించిన చేతి అన్నం తిని పెరిగానమ్మా. ఆయన కొనిచ్చిన నల్లకోటు వేసుకుని రెండేళ్లు ఆయన వెనకాలే నడిచాను. ఆయన పేరు వింటే పెదనాన్న ఎందుకు లేచి వెళ్లిపోతాడో ఇప్పుడు అర్థమైంది. నీకు అన్నీ తెలుసు. నోరు విప్పలేదు.

రహమతుల్లా మామ నన్ను ఆపబోయాడు. "సగం సదివి కోపం తెచ్చుకోవద్దు పాపా. మీ అమ్మ చెప్పిన సాక్ష్యం కూడా సదువు" అన్నాడు. నేను చదవలేదు. నిన్ను బోనులో నిలబెట్టి ఏడిపించింది నేనెందుకు చదవాలి?

శనివారం మాట్లాడతాను. నా గొంతు బాగానే ఉంది. ఆయన చేసిన పాపం నన్ను చదివించి కడుక్కున్నాడని జడ్జి గారి ముందే చెబుతాను. వద్దంటావా, కారణం రాయి. శుక్రవారం దాకా చూస్తాను.

లహరి


సింహాద్రిపురం,
గురువారం.

నా బంగారు తల్లి లహరికి,

ఇది మూడోసారి రాయడం. ముందు రెండూ పొయ్యిలో వేశాను.

మీ నాన్నను ఎవరు చంపారో నేను చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జొన్నరొట్టెలు చేస్తున్నాను. అరుపులు విని పరుగెత్తేసరికి తోట గట్టున మీ నాన్న ఒక్కడే పడి ఉన్నాడు. శవం వాకిట్లో ఉండగానే మీ పెదనాన్న నా చెవిలో అయిదు పేర్లు చెప్పాడు. "వీళ్లను సూసినానని చెప్పు. చెప్పకుంటే నీకూ నీ బిడ్డకూ ఈ ఇంట్లో కూడు యాడిది?" అన్నాడు. మన వైపు ఇది కొత్తేమీ కాదు. ఒక మనిషి పడితే చాలు, పగవాళ్ల ఇళ్లలో మగవాళ్ల పేర్లన్నీ కేసులో ఎక్కిస్తారు. తోటకు కాఫీ తీసుకుపోతూ చూశానని, ఎక్కాలు అప్పజెప్పినట్టు అయిదు పేర్లూ పోలీసులకు అప్పజెప్పాను. మద్దిలేటి ఆ రోజు పులివెందులలో గొర్రెలు అమ్ముకుంటున్నాడు. నా మాట మీద పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

బోనులో సార్ నన్ను గదమాయించలేదు. "అమ్మా, అరుపులు ఇని నువ్వు లేసేసరికి రొట్టె పెనం మిందనే ఉండె కదా?" అన్నాడు. మాడిన రొట్టె సంగతి పోలీసుల కాగితంలో ఉందట. నేను అవునన్నాను. అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆయన ఇంకొక్క ప్రశ్న అడగకుండా కూర్చున్నాడు. అబద్ధపు సాక్ష్యమని నన్నూ జైలుకు పంపించగలిగేవాడే. పంపలేదు.

తీర్పు వచ్చిన నెలకు, మీ పెదనాన్న లేనప్పుడు, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నువ్వడిగిన మాట ఇదీ: "నీ మొగుని సంపిందెవురో నాకు తెల్దు, నీకూ తెల్దు. ఈ ఇంట్లో పెరిగితే రేపు నీ బిడ్డకూ పేర్లు నేర్పుతారు. నాకియ్యమ్మా, సదువు నేర్పిస్తా."

మీ పెదనాన్నకు గవర్నమెంటు హాస్టలని చెప్పి నిన్ను పంపించాను. అది సార్ హాస్టలని ఆయనకు తెలిసేసరికి నువ్వు కాలేజీకి వచ్చేశావు. సార్‌ను ఒకటే కోరాను, నేను అబద్ధం చెప్పినట్టు నా బిడ్డకు తెలియకూడదని. చచ్చేదాకా ఆ మాట నిలుపుకున్నాడు. దుడ్లు తీసుకుని హంతకులను విడిపించాడని ఊరంతా ఆయన్ను తిడుతుంటే నేనూ తలూపాను. ఇప్పుడు నువ్వు కూడా తిడతానంటున్నావు. అది వింటూ కూర్చోవడం నావల్ల కాదు తల్లీ.

శనివారం నువ్వు ఏం చెప్పాలో నేను చెప్పను. నీకంటే ముందు నన్ను మాట్లాడనిమ్మని జడ్జి గారిని అడుగు. మద్దిలేటికీ కబురు పంపాను, వస్తానన్నాడు. మద్దిలేటి ఎదుట చెబితేనే అది చెప్పినట్టు.

ఆ తర్వాత మీ పెదనాన్న నన్ను గడప తొక్కనివ్వడు. రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. శనివారం మొదటి బస్సుకు దిగుతాను. నా ముఖం చూడాలనిపించకపోతే నువ్వు బస్టాండుకు రావద్దు, రహమతుల్లాను పంపు. కోర్టుకు దారి నాకు తెలుసు కానీ, ఒక్కదాన్నే ఆ మెట్లు ఎక్కలేను.

అమ్మ
రామేశ్వరమ్మ